దోమ కాని దోమ, కీటకం కాని నల్లి: శరీర లక్షణాల ఆధారంగా కీటకాల వర్గీకరణ

మందమర్రి పేరు చెప్పగానే బొగ్గు గనులు గుర్తుకు వస్తాయి. అయితే మంచిర్యాల, బెల్లంపల్లి పట్టణాల నడుమ ఉన్న ఆ మండలపు పల్లెల్లో వానాకాలం మొదలైందంటే ప్రధానంగా కనిపించేది పత్తి; నీటి వసతి ఉన్న చోట వరి. ఈ రెండు పైర్లను ఆశించే పురుగులకు ఉత్తర తెలంగాణ రైతుల వాడుకలో ఉన్న పేర్లను ఒక కాగితం మీద వరుసగా రాసి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ; వరిలో సుడిదోమ; ఇంట్లో కుట్టే దోమ. పేరులో నాలుగూ దోమలే. కీటకశాస్త్రం ప్రకారం వీటిలో దోమ ఒక్కటే, అది ఇంట్లో కుట్టేది. మిగిలిన మూడూ పిండినల్లికి, పేనుబంకకు, మంచంలోని నల్లికి బంధువులు.

మరోవైపు, వరి పిలకను ఉల్లి కాడలా మార్చే ఉల్లికోడు తల్లి పురుగు నిజంగానే దోమకు దగ్గరి చుట్టం. పొడవైన సన్నని కాళ్లు, ఒకే జత రెక్కలు, దోమను పోలిన ఆకారం దానికి ఉన్నాయి. దాన్ని మాత్రం ఎవరూ దోమ అనరు. ఇక ఆకుపై తెల్లని చారలు పడేలా పచ్చదనాన్ని గీకి తినే హిస్పా పెంకు పురుగు పేరు ‘తాటాకు తెగులు’. పురుగే తెగులుగా నమోదైంది!

‘నల్లి’ మాట దగ్గర చిక్కు ఇంకా పెద్దది. వరి గింజ పాలు పోసుకునే దశలో రసం పీల్చి దుర్వాసన వెదజల్లేది కంపునల్లి. ఆకు తొడిమల లోపల దాగి గింజలను తాలుగా, రంగు మారినవిగా చేసేది కంకినల్లి. పలకడంలో ఒక్క అక్షరమే తేడా, నష్టం కనబడేది కూడా కంకి మీదే. కానీ మొదటిది ఆరు కాళ్ల కీటకం, రెండవది కీటకమే కాదు. సాలీడు, తేలు ఉన్న తరగతికి చెందిన సూక్ష్మజీవి అది. కంటికి స్పష్టంగా ఆనదు, భూతద్దం కావాలి. ‘నల్లి వడ్డది’ అన్న రైతు మాటను బట్టి మందు రాసి ఇచ్చే అధికారి ముందుగా ఏ నల్లి అన్నది చూడకపోతే, కీటకాల కోసం తయారైన మందు కీటకం కాని దానిపై పడుతుంది. అంతటితో పోతే డబ్బు నష్టమే. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చాలా పైర్లలో ఎర్రనల్లిని అదుపు చేయకపోగా, దాన్ని తినే పరభక్షక నల్లులను చంపి ఉధృతిని పెంచుతాయి. వర్గీకరణ పరీక్ష కోసం బట్టీ పట్టే పాఠం కాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పేరు చూసేది నష్టాన్ని, శాస్త్రం చూసేది శరీరాన్ని

రైతుల పేర్లను అజ్ఞానంగా తీసిపారేయడం సరికాదు. వాటి వెనుక కూడా ఒక వర్గీకరణ ఉంది. మొక్కను కదిపితే గుంపుగా లేచేవి దోమలు. మొక్కను అంటిపెట్టుకొని రసం పీల్చేవి నల్లులు. పాకుతూ తినేవి పురుగులు. సుడిదోమ ఆశించిన మడిలో పైరు సుడులు సుడులుగా ఎండుతుంది. ఆ నష్టం తీరు పేరులోనే ఉంది. అంటే రైతు పురుగు ప్రవర్తనను, నష్ట లక్షణాన్ని చూసి పేరు పెట్టాడు. శాస్త్రం శరీర నిర్మాణాన్ని చూసి పేరు పెట్టింది. మొదటిది పొలంలో నష్టాన్ని గుర్తించడానికి పనికి వస్తుంది, రెండవది మందును, మిత్ర పురుగును, నిరోధక రకాన్ని ఎంచుకోవడానికి పనికి వస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తకు రెండూ తెలియాలి.

శాస్త్రం మాత్రం తొలినాటి నుంచీ తప్పు లేకుండా నడిచిందని అనుకోనక్కరలేదు. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో వెలువరించిన ‘సిస్టమా నాచురే’ పదవ ముద్రణలో కీటకాలను రెక్కల ఆధారంగా ఏడు క్రమాలుగా విభజించాడు. తొడుగు రెక్కలవి కోలియాప్టెరా, సగం గట్టి రెక్కలవి హెమిప్టెరా, పొలుసు రెక్కలవి లెపిడాప్టెరా, నరాల వల వంటి రెక్కలవి న్యూరాప్టెరా, పొర రెక్కలవి హైమినాప్టెరా, రెండే రెక్కలవి డిప్టెరా. ఏడవది ఆప్టెరా, అంటే రెక్కలు లేనివి. ఈ చివరి గంపలో పేను వంటి వాటితో పాటు సాలీడును, తేలును, నల్లిని, చివరకు పీతను కూడా వేశాడు. ఎర్రనల్లిని, పిండినల్లిని ఒకే పేరుతో పిలిచే రైతును తప్పు పట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

లిన్నేయస్ శిష్యుడు యోహన్ క్రిస్టియన్ ఫాబ్రిషియస్ 1775లో రెక్కలను పక్కనపెట్టి నోటి భాగాలను ప్రాతిపదికగా తీసుకున్నాడు. ఆయనకు కోరమాండల్ తీరపు కీటకాలను పంపినవారిలో లిన్నేయస్ మరో శిష్యుడు యోహన్ గెర్హార్డ్ కోనిగ్ ముఖ్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చిన ఈ వైద్యుడు చెదపురుగుల మీద తొలి శాస్త్రీయ రచనల్లో ఒకటి చేశాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1791లో లక్క పురుగును వర్ణించాడు. తెలుగు నేల మీది కీటకాలు ఆధునిక వర్గీకరణలోకి తొలి తరంలోనే ఈ విధంగా చేరాయి.

కాళ్లు, కొమ్ములు, శరీర ఖండాలు

గట్టి బాహ్య కవచం, కీళ్లున్న కాళ్లు గల జీవులన్నీ ఆర్థ్రోపోడా వర్గానికి చెందినవి. వీటిలో కీటకాల తరగతికి గుర్తులు కొన్నే. శరీరం తల, ఉరం, ఉదరం అని మూడు భాగాలుగా ఉంటుంది. తలపై ఒక జత స్పర్శశృంగాలు, ఉరానికి మూడు జతల కాళ్లు, ఎక్కువ వాటిలో ఒకటి లేదా రెండు జతల రెక్కలు ఉంటాయి. నల్లుల తరగతిలో స్పర్శశృంగాలు ఉండవు, రెక్కలు ఎన్నడూ రావు, శరీర భాగాలు కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి, పెద్దవాటికి సాధారణంగా నాలుగు జతల కాళ్లు ఉంటాయి.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడే చోటు ఒకటి ఉంది. గుడ్డు నుంచి అప్పుడే వెలువడిన నల్లి పిల్లకు కూడా ఆరు కాళ్లే ఉంటాయి. నాలుగవ జత ఆ తరువాతి దశలో వస్తుంది. కాబట్టి ఒక్క జీవిని చూసి కాళ్లు లెక్కపెట్టి తేల్చకూడదు. ఆకు అడుగున ఉన్న గుంపులో నాలుగైదు పెద్దవాటిని ఎంచి చూడాలి. ఎర్రనల్లి అయితే సన్నని గూడు దారాలు కూడా కనిపిస్తాయి. మిరపలో ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అన్న పొలం గుర్తు కూడా ఈ నిర్ధారణకు తోడ్పడుతుంది. పై ముడత, కింది ముడత అని రైతులు చెప్పుకునే ఆ తేడా నిజానికి రెండు తరగతుల జీవుల మధ్య తేడా.

రెక్కలు చెప్పేది, చెప్పనిది

ప్రపంచంలో ఇప్పటివరకు వర్ణించిన కీటక జాతులు సుమారు పది లక్షలు. వాటిని దాదాపు ముప్పై క్రమాలుగా విభజించారు. పొలంలో విస్తరణ సిబ్బందికి నిత్యం ఎదురయ్యేవి పదింటికి మించవు. వాటిని తొలిచూపులో విడదీయడానికి లిన్నేయస్ ఎంచుకున్న రెక్కలే నేటికీ సులువైన ఆధారం.

ముందు రెక్కలు గట్టి పెంకులుగా మారి వీపు మీద నడిమధ్య గీత దగ్గర కలిస్తే అది పెంకు పురుగు, కోలియాప్టెరా. మధ్య గీత లేకుండా, వీపు మీద త్రిభుజాకారపు పలక కనిపిస్తూ, ముందు రెక్క మొదలు గట్టిగా, కొస పొరలా ఉంటే కంపునల్లి వంటి హెమిప్టెరా. రెక్కలు ఇంటి కప్పులా ఏటవాలుగా ముడిస్తే అదే క్రమంలోని పచ్చదోమ, సుడిదోమల ఉపక్రమం. చేతికి పొడి అంటితే లెపిడాప్టెరా. సన్నని కర్రల్లాంటి రెక్కల చుట్టూ వెంట్రుకల అంచు ఉంటే తామర పురుగు, థైసనాప్టెరా. రెండవ జత రెక్కలు గుండుసూది తలల్లాంటి చిన్న కాడలుగా మారితే డిప్టెరా; ఈగ, దోమ, ఉల్లికోడు ఈ కోవలోనివి.

పచ్చదోమను, సుడిదోమను ఒకదానితో ఒకటి కలగలపకుండా చూపే లక్షణం వెనుక కాలిలో ఉంది. పచ్చదోమ వెనుక కాలి పిక్క పొడవునా ముళ్ల వరుసలు ఉంటాయి. సుడిదోమకు అదే పిక్క కొసన కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో ఈ తేడాను పట్టుకోవచ్చు. రంగును నమ్ముకుంటే మోసపోయే అవకాశం ఎక్కువ.

రెక్కలు కూడా అన్నివేళలా నమ్మదగినవి కావు. సుడిదోమ ఒకే జాతిలో పొడవు రెక్కలవి, పొట్టి రెక్కలవి రెండూ ఉంటాయి. పొట్టి రెక్కలవి ఉన్నచోటే ఉండి విరివిగా గుడ్లు పెడతాయి. పైరు ముదిరి, గుంపు పెరిగినప్పుడు పొడవు రెక్కలవి వెలువడి వలస పోతాయి. పిండినల్లిలో ఆడ పురుగుకు రెక్కలే ఉండవు. మగ పురుగుకు ఉన్నది ఒకే జత. రెండే రెక్కలున్నాయి కాబట్టి డిప్టెరా అని దాన్ని పెట్టెలో వేరే చోట గుచ్చిన విద్యార్థి తర్కం తప్పు కాదు, చూసిన లక్షణం ఒక్కటే కావడం తప్పు.

నోరు: మందు ఎంపికకు మొదటి ప్రశ్న

సస్యరక్షణ దృష్టితో చూస్తే ఫాబ్రిషియస్ ఎంచుకున్న నోరే ఎక్కువ ఉపయోగకరం. మిడతలకు, పెంకు పురుగులకు, చెదలకు, లద్దె పురుగులకు కొరికి నమిలే దవడలు ఉంటాయి. ఇవి ఆకులో రంధ్రాలు చేస్తాయి, అంచులు తింటాయి, కాయలోకి తొలుచుకుపోతాయి. హెమిప్టెరాలో దవడలు సూదుల్లా సాగి ఒక తొడుగులో ఇమిడి ఉంటాయి. మొక్క నాళంలోకి గుచ్చి రసం పీలుస్తాయి. ఆకు పైపైన ఉండే మందు వీటి కడుపులోకి చేరదు. అందువల్లనే ఇవి ఆశించినప్పుడు మొక్క రసంలో కలిసి ప్రసరించే అంతర్వాహిక మందులను సిఫారసు చేస్తారు.

తామర పురుగుల నోరు కీటకాలన్నిటిలో ప్రత్యేకమైనది. కుడి దవడ ఎదగదు. ఎడమ దవడ ఒక్కటే పనిచేస్తుంది. దానితో ఆకు పొరను చీల్చి, ఊరిన రసాన్ని పీలుస్తాయి. అందుకే వెండి మెరుపు మచ్చలు పడతాయి. 2021లో తెలంగాణ మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసిన నల్ల తామర పురుగు థ్రిప్స్ పార్విస్పైనస్ ఈ క్రమానికే చెందినది. అంతకుముందు నుంచి ఉన్న తామర పురుగు లేత పసుపు రంగులో ప్రధానంగా లేత ఆకులపై ఉండేది. కొత్తది ముదురు రంగులో పూల లోపల గుంపులుగా చేరింది. క్రమం తెలిసినంత మాత్రాన సరిపోదని, ప్రజాతి, జాతి వరకు వెళ్లాలని ఆ అనుభవం చూపింది.

పిల్ల దశను గుర్తించడం

పొలంలో నష్టం చేసేది చాలాసార్లు తల్లి పురుగు కాదు, దాని పిల్ల. పిల్ల దశకు రెక్కలు ఉండవు కాబట్టి లిన్నేయస్ పద్ధతి ఇక్కడ ఆగిపోతుంది.

హెమిప్టెరా, ఆర్థాప్టెరా వంటి క్రమాల్లో పిల్ల పురుగు తల్లిని పోలి ఉంటుంది. రెక్కలు వెలుపల మొగ్గల్లా క్రమంగా పెరుగుతాయి. లెపిడాప్టెరా, కోలియాప్టెరా, డిప్టెరా, హైమినాప్టెరా వంటి వాటిలో లార్వా, ప్యూపా దశలు దాటి పూర్తి రూపాంతరం జరుగుతుంది. లార్వాకు తల్లితో పోలికే ఉండదు. అటువంటి చోట కాళ్ల లెక్క ఆదుకుంటుంది. ఉరానికి మూడు జతల నిజమైన కాళ్లతో పాటు ఉదరానికి రెండు నుంచి ఐదు జతల కండగల మిథ్యాపాదాలు, వాటి అడుగున సన్నని కొక్కేలు ఉంటే లెపిడాప్టెరా లార్వా. మిథ్యాపాదాలు లేకుండా మూడు జతల కాళ్లే ఉంటే ఎక్కువగా పెంకు పురుగు పిల్ల. కాళ్లే లేకుండా తల కూడా స్పష్టంగా తెలియకపోతే ఈగ పిల్ల. ముక్కు పురుగు పిల్లలకూ కాళ్లుండవు, కానీ వాటి తల గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. ఆముదంలో నామాల పురుగు వంగి లేచి నడవడానికి కారణం ముందరి మిథ్యాపాదాలు కుంచించుకుపోవడమే.

ఆవ, ముల్లంగి ఆకులు తినే నల్లని ‘గొంగళి’ ఒకటి ఉంది. దాని ఉదరంపై మిథ్యాపాదాలు లెక్కపెడితే ఎనిమిది జతలు వస్తాయి, కొక్కేలు ఉండవు. అది గొంగళి కాదు, తేనెటీగ, చీమ, కందిరీగ ఉన్న హైమినాప్టెరా క్రమంలోని సాఫ్లై పిల్ల. లెపిడాప్టెరా కోసం తయారైన జీవ సంబంధ మందు దాని మీద పనిచేయదు. ఐదు జతలా, ఎనిమిది జతలా అన్న లెక్క ఒక పిచికారీ ఖర్చుతో సమానం.

కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల మొక్కజొన్నలో ఇటువంటి లెక్కే 2018 తరువాత అవసరమైంది. ఆ ఏడాది కర్ణాటకలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు త్వరలోనే తెలంగాణకు పాకింది. దీన్ని ఇతర లద్దె పురుగుల నుంచి వేరు చేసే గుర్తులు రెండు: తలపై తలకిందులైన ‘వై’ ఆకారపు తెల్లని గీత, ఉదరం ఎనిమిదవ ఖండంపై చతురస్రంగా అమరిన నాలుగు నల్లని చుక్కలు. ఈ రెండు గుర్తులను రైతులు ఎంత త్వరగా నేర్చుకున్నారో చూసినవారికి, వర్గీకరణ సామాన్యులకు అందదన్న మాట నిలవదు. అందేలా చెప్పే ఓపిక కావాలి, అంతే.

పత్తిలో గులాబీ రంగు పురుగు పేరు మాత్రం ఈ విషయంలో కొంత తప్పుదోవ పట్టిస్తుంది. తొలి దశల్లో ఆ పురుగు తెల్లగానే ఉంటుంది. గులాబీ రంగు పెరిగిన తరువాతే వస్తుంది. రంగు కోసం ఎదురుచూస్తే కాయ లోపల గింజ అప్పటికే పోయి ఉంటుంది. విచ్చుకోని గుడ్డి పూలను విప్పి చూడడమే నమ్మదగిన మార్గం.

క్రమాన్ని గుర్తుపట్టే సూక్ష్మజీవి

శరీర లక్షణాల ఆధారంగా మనిషి గీసుకున్న గీతలు ప్రకృతిలో నిజంగా ఉన్నాయా అన్న సందేహానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఒక సమాధానం. దీన్ని మొదట 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త చనిపోతున్న పట్టుపురుగుల్లో కనుగొన్నాడు. 1911లో జర్మనీలో బెర్లినర్ పిండి పురుగుల్లో చూసి, ఆ తరువాత పేరు పెట్టాడు. రెండూ లెపిడాప్టెరా కీటకాలే. 1970ల దశకంలో ఇజ్రాయెల్‌లో దొరికిన మరో రకం దోమ పిల్లలను చంపుతుంది. ఇంకొకటి కొన్ని పెంకు పురుగుల పిల్లలను చంపుతుంది. ఒక్కో రకం విషం ఒక్కో క్రమపు పేగు గోడకే అతుక్కుంటుంది.

మన దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలోనూ, 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ పత్తిలోనూ ఉన్నవి లెపిడాప్టెరాపై పనిచేసే ప్రోటీన్లు. కాయతొలుచు పురుగుల కోసం పిచికారీలు తగ్గాయి. రసం పీల్చే హెమిప్టెరా, థైసనాప్టెరాలకు మాత్రం ఆ విత్తనం ఏ అడ్డంకీ కాలేదు. ‘బీటీ వేసినా దోమ ఆగలేదు’ అన్న ఫిర్యాదుకు జవాబు వర్గీకరణలోనే ఉంది. గులాబీ రంగు పురుగు విషయం వేరు. అది లెపిడాప్టెరాయే అయినా క్రమంగా రెండు ప్రోటీన్లకూ నిరోధకత పెంచుకుంది.

ఈ సంగతికి మందమర్రి పరిసరాల్లో మరో ముఖం ఉంది. అదే జిల్లాలోని చెన్నూరు ప్రాంతంలో అడవి మద్ది చెట్లపై దసలి పట్టుపురుగులను పెంచే కుటుంబాలు ఉన్నాయి. పత్తికి శత్రువైన గులాబీ పురుగు, ఆ కుటుంబాలకు కూడు పెట్టే దసలి పురుగు ఒకే క్రమానివి. లెపిడాప్టెరాను చంపే పిచికారీకి వాటి మధ్య తేడా తెలియదు. మద్ది వనాల పక్క చేలలో అటువంటి మందులను సిఫారసు చేసే ముందు గాలి దిశను, దూరాన్ని అడిగి తెలుసుకోవాలి.

శత్రువు ఎవరు, మిత్రుడు ఎవరు

క్రమం పేరు చూసి మంచి చెడ్డలు నిర్ణయించలేము. కంపునల్లి హెమిప్టెరా, సుడిదోమ గుడ్లను తినే మిరిడ్ నల్లి కూడా హెమిప్టెరాయే. పేనుబంకను తినే అక్షింతల పురుగు, వంగ ఆకులను జల్లెడ చేసే అక్షింతల పురుగు ఒకే కుటుంబానివి. మొదటి దాని వీపు నున్నగా మెరుస్తుంది. రెండవదాని వీపుపై సన్నని నూగు ఉండి మెరుపు తక్కువగా ఉంటుంది. వేలితో తాకి చూస్తే తెలిసేంత తేడా ఇది.

పిండినల్లిని తినే క్రిప్టోలేమస్ పెంకు పురుగు పిల్ల మైనపు పోగులతో తెల్లగా, అచ్చం పెద్ద పిండినల్లిలా కనిపిస్తుంది. పరీక్షగా చూస్తే చురుకుగా కదిలే కాళ్లు, కొరికే దవడలు ఉంటాయి. పిండినల్లి పెద్దదైందని భయపడి మందు కొట్టడం వల్ల ఈ మిత్ర పురుగులే ముందుగా నశిస్తాయి.

లక్షణాలకు అందని తేడాలు

శరీరం చూసి అన్నీ తేల్చవచ్చునని భావించడం కూడా పొరపాటే. ఉల్లికోడులో మన దేశంలో ఏడు బయోటైపులను గుర్తించారు. జగిత్యాల ప్రాంతపు బయోటైపు వేరు, వరంగల్ ప్రాంతపుది వేరు. వాటిని భూతద్దం కింద పక్కపక్కన పెట్టినా శరీరంలో తేడా కనిపించదు. నిర్ణీత వరి రకాల మీద వదిలి, ఏ రకం తట్టుకున్నది, ఏది లొంగిపోయింది అన్నది చూసి తేలుస్తారు. ఒకచోట ఉల్లికోడును తట్టుకున్న వరి రకం మరోచోట తట్టుకోకపోవడానికి కారణం ఇదే. జగిత్యాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వంటి రకాలు ఈ ప్రాంతంలో ఆదరణ పొందడంలో ఈ నేపథ్యానికి పాత్ర ఉంది. తెల్లదోమ కూడా ఒకే జాతిగా కనిపించే పలు గుప్త జాతుల సముదాయమని జన్యు పరీక్షలు చూపాయి.

క్రమాల పేర్లు కూడా మారుతున్నాయి. చెదలకు చాలా కాలం ఐసాప్టెరా అనే ప్రత్యేక క్రమం ఉండేది. జన్యు ఆధారాల వల్ల ఇప్పుడు వాటిని బొద్దింకల క్రమంలో కలిపారు. పాత పాఠ్యపుస్తకం చదివిన అధికారి, కొత్త పుస్తకం చదివిన విద్యార్థి ఈ విషయంలో వాదించుకుంటే ఇద్దరికీ తమ తమ కాలపు ఆధారం ఉన్నట్లే.

నమూనా సేకరణ

రైతు పంపే ఫోను చిత్రం మీద గుర్తింపు చేయవలసి వస్తే పురుగు వీపు, పక్క, తల మూడూ విడివిడిగా అడగాలి. ఆకు అడుగు భాగం చిత్రం తప్పనిసరి. వీలైనప్పుడు నమూనానే తెప్పించుకోవడం మేలు. లార్వాలను నేరుగా ఆల్కహాలులో వేస్తే నల్లబడి గుర్తులు పోతాయి. మొదట వేడి నీటిలో ముంచి, ఆ తరువాత 70 శాతం ఆల్కహాలులో వేయాలి. సీతాకోకచిలుకలను, రెక్కల పురుగులను ఆల్కహాలులో వేస్తే పొలుసులు రాలిపోతాయి కాబట్టి కాగితం మడతలో పొడిగా పంపాలి. తామర పురుగులను, నల్లులను మెత్తని కుంచెతో ఎత్తి చిన్న సీసాలో వేయాలి. పైరు పేరు, మొక్కలో పురుగు ఉన్న భాగం, ఊరు, తేదీ పెన్సిలుతో రాసిన చీటీని సీసా లోపలే ఉంచాలి, సిరా కరిగిపోతుంది. రైతు ఆ పురుగును ఏ పేరుతో పిలిచాడో ఆ పేరును కూడా అదే చీటీ మీద, ఆయన పలికినట్లుగానే రాసి బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికో దగ్గరి పరిశోధనా స్థానానికో పంపాలి.